జవాబుకు విడిచిన చోటు

మన ఖమ్మం జిల్లాలో భద్రాచలం చూడనివారు తక్కువ. గోదావరిలో మునుగుతాం, దర్శనం చేసుకుంటాం, ఓపిక ఉంటే పర్ణశాల దాకా వెళ్ళి సీతమ్మవారు చీర ఆరవేసిన రాళ్ళు చూసి సాయంత్రం బస్సుకు తిరిగి వస్తాం. ఆ రోడ్డు పర్ణశాలతో ఆగిపోదన్న సంగతి మనకు తెలుసు గాని, అవతలికి ఎందుకు పోవాలో తెలియదు. ఈ వేసవిలో నాకు ఆ పని పడింది.

నేను హైదరాబాదులో సంగీతం మీద పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. మా ఇల్లు మధిర దగ్గర. కాలేజీలో ఉన్నంతకాలం వక్తృత్వ పోటీలలో మాట్లాడినందువల్ల, ఎవరు ఏది చెప్పినా "అలా అని ఎందుకు అనుకోవాలి?" అని అడిగే అలవాటు నాకు మిగిలిపోయింది. ఇంట్లో దీనికి మంచి పేరు లేదు. మా ఆచార్యులు అప్పగించిన పని ఇది: అడవి అంచు గూడేలలో ఆడవాళ్ళు పెండ్లిలో పాడే ఎత్తిపొడుపు పాటను ఒకే మంచి గొంతుతో, మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసి, స్వరాలు రాసి, ఆడపిల్లలు దాన్ని ఎవరి దగ్గర ఎలా నేర్చుకుంటారో రాయాలి. "ఒక్క గొంతు చాలు. పదిమంది కలిసి పాడితే స్వరం చేతికి చిక్కదు," అన్నారాయన. ఆ మాటను నేను ప్రశ్నించలేదు. ప్రశ్నించవలసిన మాట అదేనని వెళ్ళాక తెలిసింది.

ఖమ్మం

మిర్చి రోజులు. యార్డులో బస్తాలు దిగుతుంటే ఆ ఘాటు బస్టాండు దాకా వస్తుంది. బస్సు కదిలేలోగా డ్రైవరు మొదలుకొని చంటిపిల్లల దాకా అందరూ వరుసగా తుమ్మారు. నా పక్క సీటులో కుసుమంచి నుంచి భద్రాచలం మొక్కుకు పోతున్న ఒక పెద్దావిడ కూర్చుంది. నా ఒడిలోని టేపురికార్డరును చాలాసేపు చూసింది.

"ఏంది బిడ్డా ఆ డబ్బ?"

"పాటలు పట్టేదండీ."

"పాటలు పడితె ఏమొస్తది? చేపలు పడితె కూరన్నా ఐతది."

ఏం పాటలో చెప్పాను. ఆమె నా మెడ వైపు చూసింది.

"పెండ్లయిందా?"

"ఇంకా లేదండీ."

"మరి పెండ్లి పాటలతోని నీకేం పని?"

ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ వేదిక మీదా ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం జవాబు కోసం ఎదురుచూడకుండా సజ్జరొట్టె విప్పి సగం నాకు పెట్టింది. లోపల వెల్లుల్లి కారం. అందరం మళ్ళీ తుమ్మాం.

పర్ణశాల

రాత్రి భద్రాచలంలో సత్రంలో ఉండి, మర్నాడు పొద్దున పర్ణశాల చేరాను. టీ అర్ధరూపాయి, గ్లాసు మాత్రం మా మధిర గ్లాసులో సగం. ఆ దుకాణం దగ్గరే సత్యం కలిశాడు. మైకుసెట్టు కిరాయికిచ్చే మనిషి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నేను వెళ్ళవలసిన చింతగుంపుకే అతనూ బండి మీద లౌడుస్పీకర్లు వేసుకుని బయలుదేరుతున్నాడు. ఇక్కడ చిన్న పల్లెను గుంపు అంటారు.

"పాటల కోసం వెళ్తున్నారా మేడం? ఆ ఊళ్ళో పాట ఆగిపోబట్టే కదండీ నాకు పని దొరికింది," అన్నాడు.

దారి పొడవునా ఇప్పచెట్లు. ఆ నీడల్లో బండి నడుస్తుండగా సత్యం చెప్పిన కథ ఇది. చింతగుంపు వాగుకు ఇవతల ఉంది, ఇసుకగుంపు అవతల. ఎవరింట పెండ్లయినా ఆడపిల్ల ఊరివాళ్ళు ఒక వరుస పాడతారు. మగపిల్లవాడి ఊరు దూరం కాబట్టి, వాగు అవతలివాళ్ళు వచ్చి అతని పక్షాన నిలబడి జవాబు వరుస పాడతారు. రెండేళ్ళ కింద వాగులోని చేపల మడుగు ఎవరిదన్న మాట మీద తగాదా వచ్చింది. అప్పటి నుంచి ఇక్కడివాళ్ళు బొట్టుపెట్టి పిలవరు, పిలవందే అక్కడివాళ్ళు రారు.

"మరి పాట?"

"సగం పాట ఎవరు పాడతారండీ? పోయిన వేసవిలో ఒక పెళ్ళి నా సెట్టుతోనే కానిచ్చారు. మొత్తం సినిమా పాటలే. ఎల్లుండి జరిగే ఈ పెళ్ళి రెండోది. డబ్బులొస్తున్నాయి గాని, వాళ్ళు నన్ను చూసే చూపే బాగుండదండీ," అన్నాడు.

మా ఇళ్ళలోనూ వియ్యపురాళ్ళను ఆటపట్టించే పాటలు ఉండేవని అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు మేమందరం కుర్చీల్లో కూర్చుని మైకు వింటాం. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. అది నాగరికత అనే ఇంతకాలం అనుకున్నాను.

చింతగుంపు

ప్రతి ఇంటి ముందూ చాపల మీద ఇప్పపువ్వు ఆరుతోంది. గాలి అంతా తీపి వాసన, కొంచెం మత్తు. పాటలకు పెద్ద జోగమ్మ. పెండ్లికూతురు ముత్తి ఆమె మనుమరాలే. కోయ కుటుంబం, తమలో తాము కోయ మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. పాటలో రెండూ కలిసే ఉంటాయి. నేను వచ్చిన పని చెప్పకముందే జోగమ్మ జొన్నజావ పోసి, చింతచిగురు వేసి వండిన ఎండుచేపల కూర పెట్టింది. మా ఇంట్లో ఎండుచేప గడప దాటి లోపలికి రాదు. నేను రెండోసారి వడ్డించుకున్న సంగతి మావాళ్ళు ఇది చదివి తెలుసుకుంటారు.

తిన్నాక అడిగాను. "అవ్వా, పాట మొదటి నుంచి చివరి దాకా మీరొక్కరే పాడాలి."

"ఒక్కదాన్నే ఎట్ల పాడుత? తిట్టేది నేనే, పడేది నేనేనా?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. జోగమ్మ కోడలు అవతలి ఇసుకగుంపు నుంచే వచ్చిందని, జవాబు వరుస అంతా ఆమెకు వచ్చని మాటల్లో బయటపడింది. నాకు దారి దొరికిందనుకున్నాను. ప్రశ్న తెలిసినవాళ్ళూ ఇక్కడే ఉన్నారు, జవాబు తెలిసినవాళ్ళూ ఇక్కడే ఉన్నారు. అలాంటప్పుడు పాట ఎందుకు ఆగాలి? ఇదే మాట కొంచెం వివరంగా వాదించాను.

కోడలు శ్రద్ధగా విని, "ఈ ఇంటి బువ్వ తినుకుంట ఈ ఇంటినే తిట్టాల్నా పంతులమ్మా?" అంది.

"పాటే కదా?"

"పాటయితేంది? తిట్టు తిట్టే."

"నువ్వు బాగ అడుగుతవు బిడ్డా," అంది జోగమ్మ. "నీకు దొరికే అత్త ఎవరో గాని, ఆమెను తలుసుకుంటె పాపమనిపిస్తున్నది."

ఆ మధ్యాహ్నం కొంత నేర్చుకున్నాను. ఆడపిల్లను ఇద్దరు పెద్దవాళ్ళ నడుమ నిలబెడతారు. మొదట పాడనివ్వరు. తమ వరుస ముగియగానే ఆగడం, అవతలివాళ్ళు పాడుతున్నంతసేపూ పెదవి కదపకుండా వినడం, ముందు అది నేర్పుతారు. "పాడుడు అందరికొస్తది. ఆగుడు నేర్పాలె," అంది జోగమ్మ. నేను చదివిన సంగీత పాఠాలలో ఆగడం మీద ఒక్క అధ్యాయం లేదు.

ముత్తి మాత్రం ఇంతసేపూ ఒక మూల కూర్చుని బీడీలకు పోయే తునికాకు కట్టలు కడుతోంది. ఒక్క మాట లేదు. ఎందుకని అడిగితే జోగమ్మ ముఖం మారింది.

"పోయిన ఏడు పెండ్లయిన పిల్ల ఉన్నది గద, అత్తగారి ఊళ్ళె దాని పేరు పోయింది. మైకుపిల్ల అంటరు. మీ ఊళ్ళె నోరున్నోళ్ళు లేరా, డబ్బ పెట్టి పంపిండ్రు అంటరు. నీళ్ళకు పోయిన కాడ అదే మాట, ఆకుకు పోయిన కాడ అదే మాట. ఇది గూడ గట్లనే పోవాలె ఇప్పుడు." ముత్తి వైపు చూడకుండానే అంది. "పాట కట్టి పెట్టిన దీని కోసం. ఎవలకు పాడాలె?"

"నా కోసం పాడండి. మీ సగమే పాడండి," అన్నాను.

సాయంత్రం ఎండ తగ్గాక అయిదారుగురు ఆడవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని వరుసగా నిలబడ్డారు. జోగమ్మ ఎత్తుకుంది.

"వాగు అవతలి మామలారా, విల్లుకేమొ బూజు పట్టె
ఎలుకొస్తె ఎవల ఎనక దాగుతరో చెప్పరాదా"

అక్కడ ఆగారు. పాట అయిపోయిందేమోనని నేను మీట నొక్కబోయాను. జోగమ్మ చెయ్యి ఎత్తి వారించింది. ఎవరూ కదలలేదు. ఒక కోడి అరిచింది, ఎవరో ఊపిరి పీల్చారు. సరిగ్గా రెండు పాదాలు పాడేంత సమయం గడిచాక రెండో తిట్టు ఎత్తుకున్నారు. మళ్ళీ అంతే ఖాళీ. చివరి దాకా అలాగే.

"ఈ ఖాళీ ఎందుకవ్వా? ఎవరూ లేరు కదా?"

"అది ఆళ్ళది," అంది జోగమ్మ, ఇంత తేలికైన సంగతి తెలియదా అన్నట్టు. "ఆళ్ళ జాగల మనం పాడుతమా?"

మర్నాడు నేను ఇసుకగుంపుకు కూడా పోవలసి ఉంది. అవతలి సగం పట్టుకుని, హైదరాబాదులో టేపులు కత్తిరించి అతికిస్తే పాట పూర్తవుతుందని నా లెక్క. ఒకరి పాటను వారి అనుమతి లేకుండా మరొకరికి వినిపించకూడదన్నది నేను పెట్టుకున్న నియమం కాబట్టి, అక్కడికి వెళ్ళి మీ పాట వినిపించవచ్చా అని జోగమ్మను అడిగాను.

"పెట్టె నీది, కాళ్ళు నీవి," అంది. "నేను పొమ్మన్ననా? వద్దన్ననా?" వద్దనలేదు కాబట్టి దాన్నే అనుమతి అనుకున్నాను.

వాగు అవతల

వాగు దాదాపు ఎండిపోయింది. ఇసుకలో చెప్పు తెగింది. దాన్ని చేతిలో, టేపురికార్డరును నెత్తిన పెట్టుకుని కాళ్ళు కాలుతుండగా గంతులేస్తూ దాటాను. దారిలో ఆ మడుగు చూశాను. మా పెరట్లో గేదెలు నీళ్ళు తాగే తొట్టి కన్నా కొంచెం పెద్దది. రెండు ఊళ్ళు రెండేళ్ళు మాట్లాడుకోకపోవడానికి ఇంత నీరు చాలునా అనుకున్నాను గాని, మా ఊళ్ళో గట్టు తగాదాలలో నీళ్ళు కూడా ఉండవని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇక్కడ పాటకు పెద్ద కన్నమ్మ. పొట్టి మనిషి, గొంతు పెద్దది. నా కాళ్ళు చూసి ముందు నవ్వింది, తరువాత నీళ్ళు ఇచ్చింది. చుట్టూ ఆడవాళ్ళు తునికాకు ఏరుతున్నారు. చింతగుంపు పేరు చెప్పగానే చేతులు ఆగాయి.

"ఏమంటున్నది ఆ ముసల్ది?"

"పాట పాడింది. వింటారా?"

వింటామనీ అనలేదు, వద్దనీ అనలేదు. మీట నొక్కాను. మొదటి తిట్టు విని కన్నమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "బూజా! మా విండ్లకు!" తరువాత ఖాళీ వచ్చింది. టేపులో చింతగుంపు కోడి అరిచింది. రెండో తిట్టు వచ్చింది. దాని తరువాతి ఖాళీలో వెనక కూర్చున్న ఒకామె తల ఎత్తకుండానే, ఆకు ఏరుతూనే, సన్నగా జవాబు అనేసింది. పక్కామె మోచేత్తో పొడిచింది. మూడో ఖాళీలో ముగ్గురు. ఆ తరువాత ఆకులు పక్కకు పోయాయి. టేపు తిట్టడం, వీళ్ళు తిరగతిట్టడం, టేపు ఆగడం, వీళ్ళు అందుకోవడం. పాదం కొలత ఎక్కడా తప్పలేదు. నా దగ్గర రెండో రికార్డరు లేనందుకు అప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు బాధ లేదు.

"ఆపు!" అంది కన్నమ్మ హఠాత్తుగా. ఆపాను.

"గిదేం మర్యాద? పెట్టెకు జవాబు చెప్తమా? పెట్టెకు సిగ్గున్నదా, ఎగ్గున్నదా? తిట్టు పడ్డప్పుడు దాని మొఖం చూడాలె గద!"

"అయితె పోదమా?" అంది మొదట జవాబు అందుకున్న ఆమె.

"పిలువకుంట ఎట్ల పోతం? బొట్టు పెట్టిండ్రా? నోటితోనన్న చెప్పిండ్రా?" అని ఆమె మీద కసిరి, కన్నమ్మ నా వైపు తిరిగింది. "సూటిగ చెప్పు పంతులమ్మా. మమ్ముల పిలువమని నిన్ను పంపిండ్రా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. అవ్ అన్న ఒక్క మాట చాలు. ముత్తి పెండ్లికి జవాబు దొరుకుతుంది, నా పరిశోధనకు పాట దొరుకుతుంది. ఎవరికీ నష్టం లేని అబద్ధాన్ని సమర్థిస్తూ నేను కాలేజీలో ఒకసారి బహుమతి కూడా గెలుచుకున్నాను. కాని ఇక్కడ పిలుపు అన్నది జోగమ్మ నోట రావలసిన మాట. ఆమె అనని మాటను ఆమె పేర అనడానికి నేనెవరిని?

"లేదు. పంపలేదు," అన్నాను. "నేను వెళ్ళవచ్చా అని అడిగితే పొమ్మననూ లేదు, వద్దననూ లేదు."

ఆడవాళ్ళు మళ్ళీ ఆకుల మీదికి వంగారు. నేను పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు కన్నమ్మ అడిగింది:

"ఆ సప్పుడు లేని కాడ... నువ్వు ఆపినవా?"

"నేను ఆపలేదు. వాళ్ళే ఆగారు. మీట నొక్కబోతే జోగమ్మ వద్దంది."

"ఏమన్నది?"

"అది ఆళ్ళది, అంది."

కన్నమ్మ ఒడిలోని ఆకులన్నీ దులిపి లేచి నిలబడింది. "పిలువలే," అంది. "కాని మా జాగ ఇడిసిపెట్టింది. అంతకన్న ఏం పిలుస్తది ఆ ముసల్ది, దాని పొగరుకు!"

పెండ్లినాడు

పందిరికి పచ్చి ఆకు, ముందర సత్యం స్పీకర్లు చెట్టుకు కట్టి సిద్ధం. నేను చింతగుంపులో ఎవరికీ ఏమీ చెప్పలేదు. వస్తామని వాళ్ళు అనలేదు. అనని మాట మోయకూడదన్నది ఇవతల కూడా నా నియమమే. పెండ్లికొడుకువాళ్ళు వచ్చి కూర్చున్నారు. దూరపు ఊరు, కొద్దిమంది, బిడియంగా ఉన్నారు. పెండ్లికొడుకు తల్లి స్పీకర్ల వైపు చూసి తన చెల్లెలితో ఏదో అంది. జోగమ్మ అది చూసి తల దించుకుంది. సత్యం రికార్డు పెట్టబోయాడు.

అప్పుడు వాగు దిక్కు నుంచి ఆడవాళ్ళు వచ్చారు. పదిమందికి పైనే. పందిరిలోకి రాలేదు, బయటే వరుసగా నిలబడ్డారు. రండి అని ఎవరూ అనలేదు. జోగమ్మ లేచి, తన వాళ్ళను వరుసలో నిలబెట్టి, వాళ్ళ వైపు వేలు చూపించి బూజు పాట ఎత్తుకుంది. చివరి మాట ఇంకా ఆమె నోట్లో ఉండగానే కన్నమ్మ అందుకుంది.

"బూజు పడితె దులుపుకుంటం, ఎలుకనైతె పట్టుకుంటం
మీ పిల్ల కాచిన జావల పడి ఎలుకే చచ్చె, మేమేం జేద్దుం"

పందిరంతా విరగబడి నవ్వింది. "అయ్యో నా తల్లీ, సెట్టు ఊరికే కట్టాను కదా," అని సత్యం వైర్లు వదిలేసి ముందు వరుసలో కూర్చున్నాడు. ఒకరి పాదం ముగియకముందే మరొకరి పాదం మొదలవుతుంది. ఆగడం నేర్చినవాళ్ళే అయినా, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఎవరూ చివరి మాట దాకా ఆగరు. ఆ కలిసే చోటే పాటకు ప్రాణం. ఒక్క గొంతుతో దాన్ని రాయడం కుదరదని మా ఆచార్యులకు నేను సమర్పించబోయే వాదం ఇదే. ఆయన ఒప్పుకోకపోవచ్చు.

మధ్యాహ్నం మాంసం, అన్నం, జీలుగు కల్లు. జోగమ్మ, కన్నమ్మ ఒకే ఆకుల దొన్నె నుంచి కూర పంచుకుంటున్నారు.

"అయితే రాజీ అయినట్టేనా?" అని అడిగాను.

"ఎవలన్నరు?" అంది కన్నమ్మ. "మడుగు మాదే."

"నీ తాత తవ్విండా దాన్ని?" అంది జోగమ్మ, ఆమె వైపు ఇంకో ముక్క జరుపుతూ.

పొద్దు వాలుతుండగా పిల్లను సాగనంపారు. చివరి పాదానికి జవాబు పెండ్లికూతురే చెప్పాలట. కన్నమ్మ దారికి అడ్డం నిలబడి గొంతెత్తింది.

"దూరదేశం పోయే పిల్లా, ఇంట్ల ఏమి ఇడిసినవే"

నేను వచ్చినప్పటి నుంచి ముత్తి గొంతు వినలేదు. జోగమ్మ చేతిలో చీర కొంగు నలిగిపోతోంది. ముత్తి ఆగింది. ఎంత ఆగాలో అంతే ఆగి, తల ఎత్తింది.

"కుండ ఇడిసిన, కోడి ఇడిసిన, నిద్రపోయిన చాప ఇడిసిన
నోరు మాత్రం మూటగట్టి అత్తకే తెస్తున్న కన్నమ్మా"

ఇరుపక్కలా కేకలు. కన్నమ్మ పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. పెండ్లికొడుకు తల్లి నవ్వును దాచుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. అంతలో ఆమె చెల్లెలు వెనక నుంచి, "ఊకుంటవేంది అక్కా, నీ మీదికే వచ్చింది!" అంది. ఆమె ఇటు చూసింది, అటు చూసింది. కన్నమ్మవాళ్ళు దారి ఇచ్చేశాక ఇక తన తరఫున పాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కొంగు దించి, గొంతు సవరించుకుని, నేను అప్పటిదాకా వినని ఒక బాణీలో, మెల్లగా ఎత్తుకుంది.